ఆర్పినా వెచ్చగా ఉండే దీపం

పోయినవారం వదినను తమ్ముడి బ్యాటరీల దుకాణం గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. ఆమె చేతిలో ఇనప బకెట్టు, బకెట్టులో ఇసుక, ఇసుకలో సగం పూడుకుపోయిన నల్లటి పెట్టె. అన్న పోయాక ఆమె ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు.

ఆ పెట్టె అన్న స్కూటరు బ్యాటరీ. ఒక మధ్యాహ్నం ముందుగదిలో చార్జింగ్‌లో ఉండగా అంటుకుంది. పక్కనే కునుకు తీస్తున్న అన్న పొగలోంచి బయటికి రాలేకపోయాడు. దాన్ని కట్టి ఇచ్చింది తమ్ముడు. ఈ దుకాణంలో, ఈ బల్ల మీద, తన చేతులతో. అది అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళెవరూ అతనితో ఆ మాట అనలేదు. వాళ్ళు అనకపోవడమే అతనికి రోజూ వినిపిస్తోంది.

"లోపలికి రమ్మంటావా, ఇక్కడే కూలబడనా?" అంది వదిన. "కూలబడితే నలుగురూ పోగవుతారు. నీ ఇష్టం."

"రా వదినా."

బకెట్టు అందుకుంటుంటే ఇద్దరి వేళ్ళూ తగిలాయి. ఆమె చటుక్కున వెనక్కి తీసుకుంది.

దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. బల్ల మీద రబ్బరు పట్టా, దాని మీద వెల్డింగు యంత్రం. కాలితో మీట తొక్కితే టక్కుమని చిన్న రవ్వ వేసి, పల్చటి నికెల్ రేకును సెల్ తలకు అతికిస్తుంది. గోడ వారన అరల్లో వేలెడంత సెల్స్ వరసల్లో నిలబడి ఉన్నాయి. మూలన ఒక నీలం డబ్బా. చచ్చిన సెల్స్ అందులోకి పోతాయి. పనివాళ్ళు దాన్ని కాటి డబ్బా అంటారు. అందులో వేసేముందు ప్రతి సెల్ అడుగునా ఆకురాయితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీయడం ఈ దుకాణం కట్టుబాటు. గీత పడింది మళ్ళీ బల్ల ఎక్కకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది అతనే.

గాలిలో ఎప్పుడూ ఒక తియ్యటి వాసన ఉంటుంది, మగ్గి మగ్గి కుళ్ళడానికి సిద్ధమైన పండులాంటిది. పగిలిన సెల్‌లోంచి వచ్చే వాసన. షట్టరు దించి ఇంటికి పోయినా అది అతని చొక్కాలో వెంట వస్తుంది. ఈమధ్య కలల్లోకీ వస్తోంది. కలలకు వాసన ఉండదని అతను ఎక్కడో చదివాడు. అయితే తను కంటున్నవి కలలు కావేమో.

పనివాళ్ళు భోజనానికి పోయారు. వదిన స్టూలు లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చుంది.

"అందరూ పారెయ్యమన్నారు. మెట్ల కింద దాచాను. విప్పు. నా ముందే విప్పు. ఇందులో నీ తప్పుందో లేదో నాకు తెలియాలి."

"తెలిస్తే?"

"తెలిస్తే తెలుస్తుంది. కోర్టుకెక్కుతానని భయమా? నాకంత తీరికెక్కడిది? అవతల బుడంకాయ ఒక్కతే ఉంది. జ్వరం తగ్గింది గానీ బడికి పంపలేదు. పక్కింటావిడకు ఓ కన్నేసి ఉంచమని చెప్పొచ్చాను. వాళ్ళ నాన్న చేసిచ్చిన దీపం పట్టుకుని పడుకుంది. త్వరగా కానీ."

బుడంకాయ అన్న కూతురు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని అన్నే పెట్టాడు ఆ పేరు. బళ్ళో ఇంకో పేరుంది, ఇంట్లో ఎవరికీ దాని అవసరం పడలేదు.

అతను చేతులకు తొడుగులు వేసుకున్నాడు. ఇసుకలోంచి పెట్టెను ఎత్తి రబ్బరు పట్టా మీద పెట్టాడు. ఈ క్షణం కోసం తను ఇన్నాళ్ళూ ఎదురుచూశాడని అప్పుడు అర్థమైంది. భయపడుతున్నాననే అనుకున్నాడు. భయం అడుగున ఒక ఆత్రం ఉంది, శిక్ష పడబోయేవాడికి ఉండే ఆత్రం.

"ముందు నాకిది చెప్పు," అంది వదిన. "అసలు ఇందులో ఏముంటుంది? ఇన్నేళ్ళు ఇంట్లో పెట్టుకున్నాను, లోపల ఏముందో తెలియకుండానే. మీ అన్నయ్యతో కాపురం చేసినట్టే."

అతనికి నవ్వు రాబోయింది. రాలేదు. అరలోంచి ఒక మంచి సెల్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఈ గొట్టంలో రెండు పొడుగాటి రేకులు చాపచుట్టలా చుట్టి ఉంటాయి. ఒకటి లిథియానికి సొంతిల్లు. రెండోది బొగ్గు పూసిన రేకు, అది సత్రం అనుకో. చార్జింగ్ పెట్టడమంటే లిథియాన్ని సొంతింట్లోంచి వెళ్ళగొట్టి సత్రంలోకి తోలడం. బొగ్గు పొరల సందుల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. దాని మనసంతా ఇంటి మీదే. ప్లగ్గు పీకి స్కూటరు నడిపావంటే మళ్ళీ ఇంటికి పరిగెడుతుంది."

"ఆ పరుగేనా కరెంటు?"

"సగం. ఇంటికి పోయేటప్పుడు అది తన ఎలక్ట్రాన్‌ని వదిలేసి పోవాలి. లిథియం లోపలి దారిన పోతుంది. ఎలక్ట్రాన్‌కి ఆ దారి లేదు. బయటి తీగలో చుట్టూ తిరిగి రావాలి. ఆ తిరుగుడులోనే మనం దాని చేత పని చేయించుకుంటాం. మోటారు తిరుగుతుంది, దీపం వెలుగుతుంది."

"ఇంటికి పోవాలన్న తొందరతో బండి నడుస్తుందన్నమాట."

"అన్నమాట."

"మరి అంత తొందర ఉన్నది సత్రంలో ఎందుకు కూర్చుంటుంది? ప్లగ్గు పీకగానే పోవచ్చుగా?"

"మధ్యలో తెర ఉంది. ఉల్లిపొర కంటే పల్చన. రెండు రేకుల్నీ ఒకదాన్నొకటి తాకనివ్వదు. లిథియం దాని బెజ్జాల్లోంచి దూరగలదు, ఎలక్ట్రాన్ దూరలేదు. బయట తీగ కలిపేదాకా ఇద్దరూ ఆగాల్సిందే. అందుకే నెలల తరబడి పక్కన పడేసినా ఇది పెద్దగా దిగదు. ఇంత చిన్న గొట్టంలో ఇంత బలం, మళ్ళీ మళ్ళీ వందలసార్లు నింపుకోవచ్చు. దీనంత మంచిది లేదు వదినా." అన్నాక అతనికి ఆ చివరి మాట నోట్లో చేదుగా తగిలింది. "ఆ తెర ఉన్నంతసేపు."

"లేకపోతే?"

"లేకపోతే అంతా ఒక్కసారే ఇంటికొచ్చేస్తుంది. వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కది, దాని వేడికి ఆ పక్కది. లోపల తడిపిన ద్రవం పెట్రోలుకు చెల్లెలు లాంటిది. అంటుకుంటే నీళ్ళకు కూడా ఓ పట్టాన లొంగదు."

వదిన అరచేతిలోని సెల్‌ను బల్ల మీద పెట్టేసింది. దొర్లబోతే వేలితో ఆపింది.

"ఏమయ్యా, నా బ్యాటరీ బతికిందా, పోయిందా?"

గుమ్మంలో లావుపాటి పెద్దమనిషి, చేతిలో హెల్మెట్టు. సరుకులు చేరవేసే బండి ఆయనది. అతను మాడిన పెట్టె మీద గబుక్కున గుడ్డ కప్పాడు.

"పోయింది బాబాయిగారూ."

"మొన్నటిదాకా గుర్రంలా పరిగెత్తిందయ్యా! ఒక్క ముక్క చెప్పకుండా పోయిందా?"

"ఎండలో పెట్టి నిండా చార్జింగ్ కొట్టి వదిలేస్తే అంతే. వేడికి లోపల్లోపలే ముసలిదైపోతుంది. పైకి తెలీదు."

"పాత సీసం బ్యాటరీలే నయం. గాడిదంత బరువు, నిజమే. కానీ మూలిగి మూలిగి పోయేవి. మనిషికి సర్దుకోడానికి టైమిచ్చేవి. ఇవేమో పొద్దున నవ్వుతూ మాట్లాడి, మధ్యాహ్నానికి..." అంటూ ఆయన అప్పుడు చూశాడు, స్టూలు మీద కూర్చున్నది ఎవరో. నోరు అలాగే ఉండిపోయింది. హెల్మెట్టు ఇటునుంచి అటు మార్చుకుని, "మళ్ళీ వస్తాలే," అని వెనక్కి తిరిగాడు.

"పాపం, ఆయన తప్పేముంది?" అంది వదిన. "అందరికీ ఇదే రోగం. నన్ను చూడగానే నోరు పడిపోతుంది. గుడ్డ తియ్యి."

అతను తీశాడు.

రేకు పెట్టె మూత వంకర్లు పోయి ఉంది. పటకారుతో అంచు లేపి పీకాడు. లోపల సెల్స్ వరసలు కనిపించాయి. పైతొడుగులు కాలిపోయి అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. కొన్ని తలలు విప్పుకుని ఉన్నాయి, కొన్నిటి పక్కటెముకలు పగిలాయి. అతను కుంచెతో మసి దులుపుతూ ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టాడు. మంట ఎటు నుంచి ఎటు పోయిందో సెల్స్ చెబుతాయి. పక్కనుంచి కాలింది పక్కనే నల్లబడుతుంది. మొదట పోయింది మాత్రం లోపల్నుంచి ఖాళీ అవుతుంది. కడుపులో ఉన్నదంతా కక్కేసి ఒట్టి డొల్ల మిగులుతుంది.

"ఆ రోజు మంట రేగే ముందు ముందుగదిలోంచి ఈల వినిపించిందన్నానుగా," వదిన మెల్లిగా అంది. "నువ్వు దాని గురించి ఇప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు."

కుంచె ఆగింది.

"సెల్ తల దగ్గర చిన్న కవాటం ఉంటుంది. లోపల ఆవిరి ఎక్కువైతే తెరుచుకునేలా పెడతారు. మంట రాబోయే ముందు ఆవిరి దాంట్లోంచి తోసుకొస్తుంది. సన్నగా... ఈలలాగే ఉంటుంది."

"అంటే ఆయన కాదు."

"కాదు."

"లేచాడనుకున్నాను. మంచినీళ్ళు అడుగుతాడు, అడిగితే ఇద్దామని చెయ్యి తుడుచుకున్నాను కూడా." ఆమె తన కుడిచేతిని చూసుకుంది. "పళ్ళ సందుల్లోంచి వేసేవాడుగా ఎప్పుడూ. అచ్చం అలాగే ఉంది."

ఆ ఈల అతనికీ వినిపిస్తోంది, అన్న చనిపోయిన వారం నుంచి. వెల్డింగు యంత్రం ఆపగానే మిగిలే నిశ్శబ్దంలో, వెనక, డబ్బా ఉన్న మూల నుంచి. తిరిగి చూస్తే ఉండదు. తిరిగి చూడకపోతే ఉంటుంది. అందుకే ఈమధ్య అతను తిరగడం మానేశాడు.

మూడో వరస చివర డొల్ల దొరికింది.

పటకారుతో పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పాడు. అడుగు భాగాన్ని బొటనవేలితో రుద్దాడు. మసి పోయి ఉక్కు తేలింది. ఉక్కు మీద అడ్డంగా ఒక గీత. నిలువుగా ఒక గీత.

ఇన్నాళ్ళూ ఊహించుకున్న నేరానికి ఇప్పుడు ఒక ఆకారం వచ్చింది. వేలెడంత ఉంది. తన సొంత ఆకురాయి గుర్తు పెట్టుకుని ఉంది.

"ఏమిటి?" అంది వదిన.

"ఇది ఆ డబ్బాలోది. చచ్చిన సెల్. గీతలు నావి."

"నీ డబ్బాలోది ఆయన బ్యాటరీలోకి ఎలా వచ్చింది?"

అతను ఆ గీతల మీద మళ్ళీ బొటనవేలు రుద్దాడు.

"ఎలా వచ్చిందిరా?" ఆమె గొంతు పెరగలేదు, సన్నబడింది. "ఖాళీగా ఉంది కదా అని చచ్చినదాన్ని పెట్టి కట్టావా? సొంత అన్నకు?"

లేదని అనాలి. కానీ అతనికి తన చేతుల మీద అంత నమ్మకం లేదు. రాత్రింబవళ్ళు పని ఉన్న రోజులవి. గీత గీసినది పొరపాటున అరలోకి పోయిందేమో. చూడకుండా తీశాడేమో. మనసు ఒకసారి నేరం ఒప్పుకోడానికి సిద్ధపడ్డాక దానికి సాక్ష్యం తయారుచేసుకోవడం ఎంత తేలికో అతను చూస్తున్నాడు. అరచేతిలో ఆ సెల్ పట్టుకున్న జ్ఞాపకం కూడా అప్పుడే, ఆ క్షణంలోనే, లోపల తయారవుతోంది.

దాన్ని బయటికి లాగబోతే రాలేదు. ఏదో పట్టుకుంది.

అతను వంగి చూశాడు. మిగతా సెల్స్ తలల మీద నికెల్ రేకులు ఉన్నాయి. ప్రతిదాని మీదా యంత్రం వేసిన జంట చుక్కలున్నాయి. దీని తల మీద చుక్కలు లేవు. రేకూ లేదు. కరిగి పారిన సీసం మరక ఉంది, దాంట్లోంచి ఒక రాగి తీగ ముక్క పక్క సెల్ దాకా పోయింది. ఈ దుకాణంలో సెల్ తలకు ఎవరూ సోల్డరింగ్ పెట్టరు. అంత వేడికి లోపలి తెర ముడుచుకుపోతుంది.

తీగ కొసన ముడి ఉంది. రెండు మెలికలు ముందుకు. మూడోది వెనక్కి.

అతను స్టూలు కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు.

చిన్నప్పుడు తీగ ముడివెయ్యడం నేర్పింది అన్న. అప్పట్లో అన్న రేడియోలు బాగుచేసేవాడు. "రెండు ముందుకి, ఒకటి వెనక్కి. ఇక దీన్ని దేవుడు కూడా ఊడదియ్యలేడ్రా," అనేవాడు. యంత్రం కొన్నాక అన్న ఒకసారి వచ్చి చూసి, "కాలితో తొక్కేది కూడా ఒక పనేనా?" అని నవ్వి పోయాడు.

"వదినా, ఇది అన్నయ్య ముడి."

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఇంట్లో కిటికీ తెర తీగకు, దండేనికి, పిల్ల ఉయ్యాల గొలుసుకు ఉన్న ముడి అదే.

"ఒక వరస నీరసంగా ఉందని తెచ్చాడు," అతను చెప్పుకుంటూ పోయాడు. "వరస మొత్తం మార్చాలి, వారం ఉంచి పో అన్నాను. స్కూటరు లేకపోతే పని పోతుందన్నాడు. మాటామాటా పెరిగింది. నేను అటు తిరిగి వెల్డింగు చేసుకుంటున్నాను. అన్నయ్య ఆ మూల నిలబడి ఈల వేస్తున్నాడు. డబ్బాలో ఏదో టిక్కుటిక్కుమంది. నేను కోపంలో తిరిగి చూడలేదు."

"అందులోవి తీసుకెళ్ళాడు."

"తీసుకెళ్ళి లేపాడు."

"లేపడమేంటి?"

"మా వాళ్ళు అలా అంటారు. చార్జింగ్ పూర్తిగా అడుగంటిపోయిన సెల్‌ని చార్జర్ పట్టించుకోదు, చచ్చిందనుకుంటుంది. మంచి సెల్‌కి తీగతో కాసేపు అంటిస్తే కళ్ళు తెరుస్తుంది. మీటరులో అంకె లేస్తుంది. బతికిందని సంబరపడతాం. కానీ అడుగంటినప్పుడే లోపల రాగి కరిగి ద్రవంలో కలిసిపోయి ఉంటుంది. మళ్ళీ చార్జింగ్ పెడితే ఆ రాగి ముల్లులా మొలుస్తుంది. మెల్లిగా, రోజుకింత. ఏదో ఒకరోజు తెరను పొడుస్తుంది. అందుకే గీతలు గీసేది. లేచినవాటిని నమ్మకూడదు."

వదిన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది.

"నీ తప్పని తేలితే నిన్ను తిట్టుకుంటూ బతికేదాన్ని," అంది. "కాదని తేలితే నీతో కలిసి ఏడుద్దామనుకున్నాను. రెండూ లేకుండా చేశాడు మీ అన్నయ్య. పోయినాయన్ని ఎక్కడని తిట్టను?"

అతను తేలికపడాలి. పడలేదు. నేరం తనదని నమ్మినన్నాళ్ళూ అన్న అతని దగ్గరే ఉన్నాడు. అన్నం దగ్గర, బల్ల దగ్గర, నిద్రకు ముందు, అభియోగం మోపుతూ, తోడుగా. ఇప్పుడు ఆ నేరాన్ని ఎవరో నెమ్మదిగా అతని చేతుల్లోంచి తీసుకుని గది బయటికి నడిచిపోతున్నారు. మూల నుంచి ఈల వినిపిస్తుందేమోనని చెవి పెట్టాడు. డబ్బా మౌనంగా ఉంది. అన్న ఇవాళే పోయినట్టనిపించింది.

"మరి ఆ ముల్లు పొడిచేదాకా ఏమీ తెలీదా?" వదిన అడుగుతోంది. జవాబు కోసం కాదు, మాట ఆగిపోకుండా ఉండటానికి. "మనిషికైతే జ్వరమైనా వస్తుంది."

"దానికీ వస్తుంది కాస్త. ముల్లు తెర దాటి అవతలి రేకును తాకీ తాకనట్టు ఉంటుంది. కరెంటు లోలోపలే కొంచెం కొంచెం కారుతూ ఉంటుంది. చార్జింగ్ ఎంతకీ నిండదు. వాడకపోయినా ఊరికే వెచ్చగా ఉంటుంది."

"వాడకపోయినానా?"

"ఆర్పేసి పక్కన పెట్టినా."

వదిన అతని వైపు చూస్తూ ఉండిపోయింది.

"దీపం."

"ఏ దీపం?"

"బుడంకాయ దీపం. చీకటంటే భయమని ఆయన చేసిచ్చింది. ఆ స్కూటరు బాగుచేసుకున్నప్పుడే చేశాడు. రెండూ ఒకే రోజు, వంటింటి గట్టు మీద." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "అది ఆర్పినా వెచ్చగానే ఉంటుంది. అందుకే దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటుంది. నాన్న చెయ్యిలా ఉందమ్మా అంటుంది. నేనూ పట్టుకుని చూశాను ఒకసారి. నిజమే అనిపించింది. చార్జింగ్ ఎన్ని గంటలు పెట్టినా ఎర్రలైటు పచ్చగా మారదు, తీగ పీకితే పిల్ల ఏడుస్తుంది, అందుకని అలాగే ప్లగ్గులో..."

అతను అప్పటికే ఫోను తీశాడు. "ఇంట్లో ఎవరి ఫోనుంది?"

"ఆయనది. ఇంకా తీసెయ్యలేదు."

ఫోను తెర మీద ఆ పేరు దొరకడానికి వెతకనక్కరలేదు. పైనే ఉంది, అతను ఎన్నడూ చెరపనిది. అన్నయ్య. వేలు దాని మీద ఆగింది. పోయినవాడికి ఫోను చేస్తున్నట్టుంది. నొక్కాడు.

మోగుతోంది. వదిన గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి, అతని మోచెయ్యి పట్టుకుంది. మోగుతోంది. చెప్పు ఒకటి ఊడిపోయిందని ఆమెకు తెలియలేదు.

"అలో?"

"బుడంకాయ్! నేనమ్మా, బాబాయిని. నువ్వెక్కడున్నావ్?"

"మంచం మీద." నిద్రమత్తు గొంతు. "ఇష్ష్... గట్టిగా అరవకు బాబాయ్."

"ఆ దీపం ఉంది చూడు, దాన్ని అక్కడే వదిలెయ్. ముట్టుకోకు. తలుపు తీసుకుని బయటికి పరిగెత్తు. ఇప్పుడే. అమ్మ వచ్చేస్తోంది."

"ఎందుకు?"

"చెప్పింది చెయ్యి తల్లీ! లే!"

"నువ్వు అరిస్తే ఆపేస్తాడు," అంది పిల్ల, బతిమాలుతున్నట్టు. ఆ గొంతులో ఇన్నాళ్ళుగా ఎవరూ వినని సంతోషం ఉంది. "నాన్న వచ్చాడు బాబాయ్. దీపంలోంచి ఈల వేస్తున్నాడు. ఆగు, నీకూ వినిపిస్తాను."

"వద్దు! బుడంకాయ్, వద్దు..."

దుప్పటి కదిలిన చప్పుడు. ఫోను దేనికో దగ్గరగా జరిగింది. తర్వాత, సన్నగా, పళ్ళ సందుల్లోంచి వస్తున్నట్టుగా, అతనికి పుట్టినప్పటి నుంచి తెలిసిన ఆ ఈల.